ఎనభై తొమ్మిదో ఏట జైలుకెళ్ళిన పెద్దమనిషి

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి నాలుగు పేజీలు రాసివ్వమని మన కార్యదర్శిగారు ఫోను చేశారు. గాంధీగారి గురించి, బుద్ధుని గురించి రాసేవారు ఎలాగూ ఉంటారు కనుక నేను బెర్ట్రాండ్ రస్సెల్ గురించి రాస్తానన్నాను. ఆయన లెక్కల పండితుడు కదండీ, మన పెన్షనర్లకు ఆయనతో పనేమిటని కార్యదర్శిగారి సందేహం. ఎనభై తొమ్మిదో ఏట, యుద్ధం వద్దన్నందుకు జైలుకెళ్ళిన మనిషి మనకు కాకపోతే ఇంకెవరికి పనికొస్తాడండీ అన్నాను. ఆయన నవ్వి, సరే రాయండన్నారు.

అసలు సంగతి వేరే ఉంది. ఈ రస్సెల్‌గారితో నాకు ఒక పాత పేచీ ఉంది. ముందు అది చెప్పుకోవాలి.

1962లో నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో టెలిగ్రాఫిస్టుగా పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది తిరిగింది. ఆ అక్టోబరు 20న చైనావాళ్ళు సరిహద్దు మీద పడ్డారు. మా ఆఫీసులో పనివేళలంటూ లేకుండా పోయాయి. నవంబరులో ఒక సాయంత్రం, మోర్స్ చప్పుళ్ళు వింటూ అక్షరాలు రాసుకుంటూపోతుంటే నా చెయ్యి ఆగింది. పక్క పల్లెకు చెందిన ఒక సిపాయి మరణించాడని అతని తండ్రి పేర వచ్చిన వార్త అది. టెలిగ్రాములు పంచే అతనికి జ్వరం. నేనే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. తండ్రి పొలంలో ఉన్నాడు. తల్లి వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. చదువు రాని మనిషి. ఆ కాగితం చూసి, మావాడు వస్తున్నాడా బాబూ అని అడిగింది. ఆ ప్రశ్నకు నేనేం చెప్పానో, ఎలా చెప్పానో ఇప్పటికీ గుర్తు రాదు. చేట కిందపడి బియ్యం వాకిలంతా చిందడం మాత్రం గుర్తుంది.

ఆ వారమే రక్షణ నిధికి నా వేలి ఉంగరం ఇచ్చాను. ఊరేగింపులో గొంతు పోయేలా నినాదాలు చేశాను. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని నేటికీ నా అభిప్రాయం.

తర్వాత ఏడాదో, ఆ పై ఏడాదో, మిత్రుడొకరి దగ్గర రస్సెల్‌గారు రాసిన చిన్న పుస్తకం చూశాను. మన సరిహద్దు యుద్ధం గురించీ, క్యూబా సంక్షోభం గురించీ రాసినది. ఆయన నెహ్రూగారికీ, చైనా ప్రధాని చౌఎన్‌లైకీ ఇద్దరికీ యుద్ధం ఆపమని లేఖలు రాశారు. చైనా తనంతట తాను కాల్పులు ఆపిందని, ఆ అవకాశాన్ని భారతదేశం అందిపుచ్చుకోవాలని ఆయన వాదన. నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్టినవాడినీ, దెబ్బతిన్నవాడినీ ఒకే గాటన కట్టడమేనా శాంతి అంటే అనుకున్నాను. లండన్‌లో పడక కుర్చీలో కూర్చుని శాంతి శాంతి అనడం తేలికే, ఆ పల్లెకు సైకిలు మీద వెళ్ళివస్తే తెలిసేది అనుకున్నాను. పుస్తకం సగంలోనే తిరిగి ఇచ్చేశాను. ముప్ఫై అయిదేళ్ళకు పైగా ఆ పేరున్న పుస్తకం ముట్టుకోలేదు.

పదవీ విరమణ అయ్యాక, పొద్దు పోక, గ్రంథాలయంలో ఆయన ఆత్మకథ తీశాను. పడక కుర్చీ మనిషి అని నేననుకున్నది ఎంత తప్పో అప్పుడు తెలిసింది. ఇక ఆయన కథలోకి వస్తాను.

రస్సెల్ 1872 మే 18న వేల్స్ ప్రాంతంలో పుట్టారు. గొప్ప వంశం. తాతగారు జాన్ రస్సెల్ ప్రభువు రెండుసార్లు బ్రిటన్ ప్రధానమంత్రి. కానీ కలవారి బిడ్డకైనా కష్టం తప్పలేదు. రెండేళ్ళు నిండేసరికి తల్లీ, అక్కా కంఠసర్పితో పోయారు. నాలుగో ఏట తండ్రి కూడా పోయారు. పిల్లవాడిని నాయనమ్మ పెంచింది. ఆవిడకు దైవభక్తి, క్రమశిక్షణ రెండూ ఎక్కువే. పదిమంది చేస్తున్నారు కదా అని చెడ్డపనికి వెంటపోరాదన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి బైబిలులో ఉంది. పన్నెండేళ్ళ మనవడికి బైబిలు బహుమతిగా ఇస్తూ ఆ వాక్యాన్ని అట్ట లోపలి పేజీ మీద రాసిచ్చింది. పెద్దయ్యాక మనవడు దేవుణ్ణి నమ్మడం మానేశాడు గాని, నాయనమ్మ రాసిన ఆ ఒక్క మాటను తొంభై ఏడేళ్ళ వరకూ విడిచిపెట్టలేదు.

కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో గణితం చదివారు. తన గురువు వైట్‌హెడ్‌తో కలిసి గణిత శాస్త్రానికి తర్కంలో పునాది వెతుకుతూ మూడు సంపుటాల గ్రంథం రాశారు. 1910 నుంచి 1913 వరకు అది వెలువడింది. ఒకటీ ఒకటీ కలిస్తే రెండని రుజువు చేయడానికి అందులో కొన్ని వందల పేజీలు పట్టాయంటారు. నాకా గ్రంథం అర్థం కాదు, అర్థమైనట్టు నటించను కూడా. మనకు కావలసిన సంఘటన అంతకు ముందే జరిగింది.

1901 తొలి రోజులు. అప్పుడు దక్షిణాఫ్రికాలో బోయర్లతో బ్రిటన్ యుద్ధం చేస్తోంది. అందరు ఇంగ్లీషువాళ్ళ మాదిరే రస్సెల్ కూడా తన దేశం గెలవాలని కోరుకుంటున్నారు. ఆయనా భార్యా, వైట్‌హెడ్ దంపతులూ అప్పట్లో ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఒకరోజు బయటినుంచి వచ్చేసరికి వైట్‌హెడ్‌గారి భార్యకు తీవ్రమైన గుండెనొప్పి. ఎవరూ దగ్గరకు పోలేని బాధ. చుట్టూ అందరూ ఉన్నారు, బాధ మాత్రం ఆమె ఒక్కతే పడుతోంది. ఏ మనిషి బాధనైనా మరో మనిషి పంచుకోలేడనీ, అలాంటి బాధను తెలిసి తెలిసి మరొకరికి కలిగించడానికి ఏ కారణమూ చాలదనీ అక్కడ నిలబడ్డ అయిదు నిమిషాల్లో తనకు తోచిందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఆ అయిదు నిమిషాలతో బోయర్ యుద్ధం మీద ఆయన అభిప్రాయం తలకిందులైంది.

ఆ గదిలో మూడేళ్ళ పిల్లవాడు కూడా ఉన్నాడు. వైట్‌హెడ్‌ల చిన్న కొడుకు ఎరిక్. తల్లిని ఇబ్బంది పెట్టకుండా రస్సెల్ వాడి చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయారు. వాడు మారు మాట్లాడకుండా వెంట నడిచాడు. ఆనాటి నుంచి ఆ ఇద్దరికీ గట్టి స్నేహం. ఈ పిల్లవాడిని పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

1914 ఆగస్టు వచ్చింది. యుద్ధం ప్రకటించబోతున్నారని తెలిసి లండన్ వీధుల్లో జనం సంబరాలు చేసుకున్నారు. ఆ గుంపుల్లో నడిచిన రస్సెల్‌కు నోట మాట రాలేదు. రాజులూ మంత్రులూ జనానికి ఇష్టం లేకపోయినా యుద్ధం తెస్తారని అంతవరకూ అనుకునేవారాయన. మామూలు ఆడా మగా ఇంత ఉత్సాహంగా కోరుకుంటారని ఊహించలేదు. అప్పటికి నలభై రెండేళ్ళు. ప్రపంచ ప్రసిద్ధి, కళాశాలలో గౌరవమైన కొలువు, అన్నీ ఉన్నాయి. నోరు మూసుకుంటే అన్నీ ఉండేవి. ఆయన మూసుకోలేదు.

1916లో బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. చంపడం తమ అంతరాత్మకు విరుద్ధమని చెప్పి సైన్యంలో చేరనివారు సుమారు 16,000 మంది. వీరిలో కొందరిని బలవంతంగా ఫ్రాన్సుకు తీసుకుపోయి, అక్కడా ఆజ్ఞ పాటించనందుకు ముప్ఫై మందికి పైగా మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని పదేళ్ళ కఠిన శిక్షగా మార్చారు. ఇటువంటివారి సంఘం కోసం రస్సెల్ రాత్రింబగళ్ళు పనిచేశారు. ఆయన వయసు వల్ల ఆయన్ని సైన్యంలోకి ఎవరూ పిలవరు. తనకు రాని కష్టాన్ని ఆయన నెత్తికెత్తుకున్నారు.

ఎవరెట్ అనే ఉపాధ్యాయుడికి సైనిక ఆజ్ఞ ధిక్కరించినందుకు రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. దాన్ని నిరసిస్తూ ఒక కరపత్రం వచ్చింది. దాన్ని పంచినవారిని పట్టుకుని జైళ్ళలో వేస్తున్నారు. రస్సెల్ పత్రికకు ఉత్తరం రాసి, ఆ కరపత్రం రాసింది నేను, శిక్షిస్తే ముందు నన్ను శిక్షించాలని తెలియజేశారు. కోర్టువారు వంద పౌన్ల జరిమానా వేశారు. ఆయన కట్టలేదు. కళాశాలలో ఉన్న ఆయన పుస్తకాలూ సామానూ జప్తుచేసి వేలం వేస్తే, స్నేహితులు డబ్బు పోగుచేసి పాడుకుని తిరిగి ఆయనకే అప్పగించారు. ట్రినిటీ కళాశాల కొలువులోంచి తీసేసింది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పమని పిలిస్తే, ప్రభుత్వం పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఉద్యోగం పోవడమంటే ఏమిటో, జీతం ఆగిపోతే ఇల్లు ఎలా ఉంటుందో మన సంఘ సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

1917లో లండన్‌లో ఒక ప్రార్థనా మందిరంలో యుద్ధ వ్యతిరేకుల సమావేశం జరుగుతుంటే తాగి ఉన్న గుంపొకటి మేకులు దిగ్గొట్టిన చెక్కలు పట్టుకుని లోపలికి చొరబడింది. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. ఇద్దరు రస్సెల్ మీదికి వస్తుంటే ఒక మహిళ పోలీసుల దగ్గరకు పరుగెత్తి, ఆయన గొప్ప తత్త్వవేత్త అంది. వాళ్ళు కదలలేదు. ప్రపంచమంతా ఎరిగిన పండితుడు అంది. అయినా కదలలేదు. చివరికి ఆయన ఒక ఎర్ల్ ప్రభువుగారి తమ్ముడండీ అనేసరికి పరుగున వచ్చి కాపాడారు. ఈ ముచ్చట ఆయనే నవ్వుతూ రాసుకున్నారు. సర్కారు కొలువు చేసిన మనకు ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏముంది!

1918 ఫిబ్రవరిలో, ఒక వ్యాసంలో అమెరికా సైన్యం గురించి రాసిన మాటలకు ఆయనకు ఆరు నెలల జైలుశిక్ష పడింది. అప్పీలు నడుస్తుండగా మార్చిలో ఒక వార్త వచ్చింది. వైమానిక దళంలో చేరిన ఎరిక్ వైట్‌హెడ్ ఫ్రాన్సులో విమానంతో పాటు కూలిపోయాడు. మూడేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని అవతలికి నడిపించిన పిల్లవాడే. వైట్‌హెడ్ యుద్ధాన్ని సమర్థించారు, రస్సెల్ వ్యతిరేకించారు. గురుశిష్యుల మధ్య అప్పటికే ఎడం పెరిగింది. చావు మాత్రం ఎవరి వాదన నెగ్గిందో చూసి రాలేదు. గుండెనొప్పితో మెలికలు తిరిగిన ఆ తల్లికే అంతకన్నా పెద్ద నొప్పి వచ్చింది.

ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. వాకిట్లో చిందిన బియ్యం కళ్ళముందు కదిలింది. ఆ సైకిలు ప్రయాణం ఈయన నాకన్నా ముందే చేశాడనిపించింది.

ఆ మే నెలలో రస్సెల్ బ్రిక్స్‌టన్ జైలుకు వెళ్ళారు. సెప్టెంబరు దాకా ఉన్నారు. గణిత తత్త్వం మీద ఒక పుస్తకం అక్కడే రాసేశారు.

ఇంతవరకూ చదివినవారు ఈయన ఏ యుద్ధమైనా వద్దనే మనిషి అనుకుంటారు. కాదు. శాంతివాదం అనే మాటకు అర్థం తెలియాలంటే ఈయన జీవితంలో తర్వాతి భాగమే ముఖ్యం. శాంతివాదుల్లో రెండు తెగలున్నాయి. ఏ పరిస్థితిలోనూ, ఎవరిమీదా ఆయుధం ఎత్తరాదనేవారు ఒకరు. టాల్‌స్టాయ్ ఆ దారి. యుద్ధాల్లో చాలాభాగం అవి తెచ్చే కీడుకు తగిన ఫలితం ఇవ్వవు, కనుక ప్రతి యుద్ధాన్నీ దానికదిగా తూచి చూడాలి అనేవారు రెండోవారు. రస్సెల్ రెండోవారిలో చేరుతారు.

తూచడంలో తప్పులూ చేశారు. 1936లో, జర్మనీలో హిట్లర్ బలపడుతున్న రోజుల్లో, యుద్ధం కన్నా లొంగిపోవడమే మేలని వాదిస్తూ పుస్తకం రాశారు. 1940 నాటికి ఆ అభిప్రాయం మార్చుకున్నారు. హిట్లర్ గెలిస్తే మనిషి అన్నవాడికి చోటు ఉండదని తేల్చుకుని, ఆ యుద్ధాన్ని సమర్థించారు. పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయనివ్వలేదు. పాత మిత్రులు కొందరు నొచ్చుకున్నారు. హిరోషిమా తర్వాత కొన్నేళ్ళు ఇంకో పొరపాటు చేశారు. అణుశక్తిని అంతర్జాతీయ అదుపులోకి తేవడానికి సోవియట్ రష్యాను, అవసరమైతే యుద్ధం చేస్తామని బెదిరించి అయినా ఒప్పించాలన్నారు. తర్వాత తాను అలా అనలేదని కొంతకాలం బుకాయించారు కూడా. 1959లో టెలివిజన్ ఇంటర్వ్యూలో నిజమేనని ఒప్పుకున్నారు. ఆయన్ని దేవుణ్ణి చేసేవారు ఈ సంగతులు దాస్తారు. దాచకపోతేనే ఆయన మనకు పనికొస్తారని నా మనవి.

1950లో సాహిత్యానికి నోబెల్ బహుమతి వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇంకొకరైతే శాలువా కప్పుకుని సన్మానాలకు తిరిగేవారు. ఈయన అసలు పని అప్పుడు మొదలైంది.

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలో హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. ఎంతో దూరంలో చేపలు పట్టుకుంటున్న జపాను పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవలోని ఇరవై ముగ్గురూ జబ్బుపడ్డారు. ఒకరు ఆ ఏడాదే చనిపోయారు. వాళ్ళకు ఎవరితోనూ యుద్ధం లేదు, పాపం. రస్సెల్ కూడికలు తీసివేతలు తెలిసిన మనిషి. ఈ ఆయుధంతో గెలిచినవాడూ ఓడినవాడూ అనే తేడా ఉండదని లెక్క తేల్చుకున్నారు. తూచవలసిన తక్కెడే ఇక లేదన్నమాట. ఆ డిసెంబరు 23న బి.బి.సి. రేడియోలో మాట్లాడారు. అమెరికా పక్షమనీ, రష్యా పక్షమనీ కాకుండా మనుషులుగా ఆలోచించమని ఆ ప్రసంగ సారాంశం.

దాన్ని ఒక ప్రకటనగా మార్చి ప్రపంచ శాస్త్రవేత్తల సంతకాలకు పంపారు. ఐన్‌స్టీన్‌కూ పంపారు. 1955 ఏప్రిల్‌లో రస్సెల్ రోమ్ నుంచి పారిస్‌కు విమానంలో వస్తుండగా, ఐన్‌స్టీన్ మరణించారని పైలట్ ప్రకటించాడు. రస్సెల్ కుంగిపోయారు. ఆ సంతకం లేకపోతే ఆ ప్రయత్నం నిలవదని ఆయన భయం. పారిస్ హోటలుకు చేరేసరికి అక్కడ ఒక ఉత్తరం ఎదురుచూస్తోంది. ఐన్‌స్టీన్ సంతకం పంపారు. చనిపోవడానికి వారం ముందు చేసిన సంతకం. తపాలా శాఖలో చేసినవారికి ఈ సంఘటన ఎంత ఇష్టమో చెప్పలేను. మనిషి పోయినా ఉత్తరం చేరింది.

ఆ జూలై 9న లండన్‌లో ప్రకటన విడుదలైంది. సంతకాలు చేసింది పదకొండు మంది. ఆ ప్రకటన నుంచి పుట్టిందే పగ్‌వాష్ శాస్త్రవేత్తల సదస్సు. మొదటి సదస్సు నెహ్రూగారి ఆహ్వానం మీద మన దేశంలోనే జరపాలనుకున్నారు. సూయెజ్ గొడవ వల్ల అది వాయిదాపడి, చివరికి 1957 జూలైలో కెనడాలోని పగ్‌వాష్ అనే పల్లెలో జరిగింది. అమెరికా, రష్యా శాస్త్రవేత్తలు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. 1963లో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలు మానుకోవాలని ఒప్పందం కుదరడానికి ఇలాంటి సమావేశాలు కొంత దోహదం చేశాయి. 1995లో పగ్‌వాష్ సంస్థకూ, ఆ పదకొండుమందిలో ఒకరైన రాట్‌బ్లాట్‌కూ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

ప్రకటనలూ సదస్సులూ చాలవని రస్సెల్‌కు తోచింది. మన గాంధీగారి దారిలో వీధిలో కూర్చోవడం మొదలుపెట్టారు. 1961 ఫిబ్రవరి 18న కొన్ని వేలమందితో లండన్‌లో రక్షణ మంత్రిత్వ శాఖ ముందు చలిలో బైఠాయించారు. ఆ సెప్టెంబరులో మరో పెద్ద బైఠాయింపుకు పిలుపిచ్చినందుకు ఆయన్నీ, భార్య ఎడిత్‌నూ కోర్టుకు పిలిచారు. సత్ప్రవర్తనకు హామీ ఇస్తే వదిలేస్తామన్నారు. ఇవ్వనన్నారు. రెండు నెలల శిక్ష వేసి, ఆరోగ్యం దృష్ట్యా ఏడు రోజులకు తగ్గించారు. నలభై మూడేళ్ళ తర్వాత మళ్ళీ అదే బ్రిక్స్‌టన్ జైలు. ఎనభై తొమ్మిదేళ్ళు!

మనం ఆ వయసులో మేడమెట్లు ఎక్కడానికి జంకుతాం. బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వరసలో నిలబడాలంటే విసుక్కుంటాం. ఆయన దృష్టిలో ముసలితనం అంటే ఇక ఎవరూ తీసుకోవడానికి ఏమీ మిగలనితనం. ఉద్యోగం పోతుందని భయం లేదు, ప్రమోషన్ ఆగుతుందని బెంగ లేదు. కనుక నిజం చెప్పడానికి అదే మంచి వయసు అన్నట్టుగా జీవించారు.

1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల విషయమై అమెరికా, రష్యాలు అణుయుద్ధం అంచుకు వచ్చాయి. ఆయన వేల్స్‌లోని తన ఇంటి నుంచి కెనడీకీ, కృశ్చెవ్‌కూ టెలిగ్రాములు ఇచ్చారు. కెనడీ జవాబు ముక్తసరిగా వచ్చింది. కృశ్చెవ్ బహిరంగంగా మర్యాదగా జవాబిచ్చారు. ఆ ఇద్దరు నాయకుల మధ్య జరిగిన రాయబారాల వల్లనే గండం గడిచింది. రస్సెల్ టెలిగ్రాములే ఆపాయనడం అతిశయోక్తి. కానీ ఆ రోజుల్లోనే మోర్స్ మీట ముందు కూర్చున్న నేను, ఒక టెలిగ్రాముతో యుద్ధాన్ని ఆపాలని ప్రయత్నించిన తొంభై ఏళ్ళ ముసలాయన ఒకరు లోకంలో ఉన్నారని తెలియకుండానే నా పని చేసుకుంటున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన సరిహద్దు యుద్ధం. ఇక నా పాత పేచీ దగ్గరికి వస్తాను. ఆయన మనకు పరాయివారు కారు. 1930లలో లండన్‌లో కృష్ణమీనన్ నడిపిన ఇండియా లీగ్‌కు రస్సెల్ అధ్యక్షులుగా ఉండి మన స్వాతంత్ర్యం కోసం మాట్లాడారు. ఆ కృష్ణమీనన్‌గారే 1962లో మన రక్షణ మంత్రి. ఆ యుద్ధంతోనే పదవి పోగొట్టుకున్నారు. ఇన్ని తెలిసీ రస్సెల్ మనల్ని మందలించారు. అందులో ఆయన తూకం సరిగా లేదని ఇప్పటికీ నా నమ్మకం. మీద పడింది ఎవరో, కాచుకున్నది ఎవరో తేడా చూపవలసింది. హిట్లర్ విషయంలో తాను ఒప్పుకున్న న్యాయం మనకు వర్తింపజేయలేదనిపిస్తుంది.

కానీ ఆయన అడిగిన ప్రశ్న తప్పని మాత్రం ఇప్పుడు అనలేను. ఇంకో నెల యుద్ధం సాగితే ఇంకెన్ని పల్లెలకు ఇంకెన్ని సైకిళ్ళు వెళ్ళాలి అన్నదే ఆ ప్రశ్న. ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు నాకు ఆ లెక్క వేయాలని తోచలేదు. చైనావైపు పల్లెల్లో కూడా ఎవరో ఒక కుర్రాడు ఇలాంటి కాగితం పట్టుకుని వెళ్ళి ఉంటాడని అసలే తోచలేదు. శాంతివాదం అంటే శత్రువును ప్రేమించమనో, చెయ్యి ఎత్తకుండా దెబ్బలు తినమనో మాత్రమే నేననుకున్నాను. రస్సెల్ జీవితంలో అది వేరే అర్థంలో కనబడింది. యుద్ధమనే మాట ఎత్తినవాడు ముందు ఆ కాగితం అందుకోబోయే తల్లి ముందు నిలబడి కారణం చెప్పగలగాలి. చెప్పగలిగిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి, కానీ చాలా తక్కువ. ప్రతిసారీ కొత్తగా అడగాలి. అడిగినందుకు తనవాళ్ళే రాళ్ళేస్తే భరించాలి. తప్పు తూచితే ఒప్పుకోవాలి.

తొంభై నాలుగేళ్ళప్పుడు కూడా ఆయన ఊరుకోలేదు. వియత్నాంలో అమెరికా చేస్తున్నది విచారించడానికి అంతర్జాతీయ ప్రజా న్యాయస్థానం ఏర్పాటు చేశారు. 1967లో స్వీడన్‌లో, డెన్మార్క్‌లో దాని విచారణలు జరిగాయి. ఫ్రెంచి రచయిత సార్త్ర్ దానికి సారథ్యం వహించారు. 1970 ఫిబ్రవరి 2న, తొంభై ఏడో ఏట, ఫ్లూ జ్వరంతో వేల్స్‌లో తన ఇంట్లోనే కన్నుమూశారు. అంతకు రెండు రోజుల ముందు కూడా పశ్చిమాసియాలో బాంబుదాడులను ఖండిస్తూ ప్రకటన రాయించారు. ఆయన పోయిన మర్నాడు కైరోలో జరిగిన సమావేశంలో దాన్ని చదివారు. ఆయన కోరిక ప్రకారం మతపరమైన తంతులేవీ లేకుండా దహనం చేసి, బూడిదను వేల్స్ కొండల మీద చల్లారు.

ప్రపంచంలో తొమ్మిది దేశాల దగ్గర నేటికీ సుమారు 12,000 అణ్వాయుధాలున్నాయి. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాములు ఆగిపోయాయి గాని, అవి మోసుకొచ్చిన వార్తలు ఆగలేదు. మా మనవడు సెల్‌ఫోన్‌లో ఎక్కడో బాంబులు పడుతుంటే ఆట చూసినట్టు చూస్తూ, ఎవరు గెలుస్తారు తాతయ్యా అని అడిగాడు. ఫోను పక్కన పెట్టించి, వాడికి రస్సెల్ గురించి చెప్పలేదు. సైకిలు మీద నేను మోసుకెళ్ళిన కాగితం గురించి చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆవిడ పేరేమిటి తాతయ్యా అన్నాడు.

నాకు తెలియదు. కాగితం మీద తండ్రి పేరే ఉంది. ఆవిడ పేరు నేను అడగలేదు.

నాకిప్పుడు ఎనభై నాలుగు. రస్సెల్‌గారి లెక్కన ఇంకా అయిదేళ్ళు టైముంది. మన సంఘంలో నాకన్నా పెద్దవారూ ఉన్నారు. జైలుకు వెళ్దామని నేననడం లేదు. మన మోకాళ్ళు ఒప్పుకోవు. కానీ ఇంట్లో పిల్లలు యుద్ధం గురించి మాట్లాడుతున్నప్పుడు, గెలుపోటముల మాట అయ్యాక, ఆ కాగితం ఎవరికి అందుతుందని ఒక్కసారి అడగడానికి మోకాళ్ళతో పనిలేదు. ఆ పాటి పని మనం చేయగలం.